చల్లారని ఇరుసు

బెజవాడ ఆటోనగర్‌లో జీపుల ఇరుసులు గట్టిచేసే జక్కయ్య దగ్గరికి ఎవరు వెళ్లినా ముందు అడిగే మాట ఒక్కటే.

"ఏ నేల మీద తిరుగుద్దండీ మీ బండి?"

బురదనేల అంటే, చక్రాలు దిగబడి ఇరుసు మెలిపడుతుందని పొడుగునా బద్ద వేస్తాడు. రాళ్లనేల అంటే, కిందనుంచి దెబ్బ తగులుతుందని పాత లారీ కమాను పట్టీ వంచి అడుగున వెల్డింగు చేస్తాడు. ఆ వేడిమీదే ఇరుసును ఊక బూడిదలో కప్పెడతాడు. తెల్లారేదాకా నెమ్మదిగా చల్లారాలి. చప్పున చల్లారితే ఇనుము పెళుసెక్కిపోతుంది.

డెబ్బై నాలుగులో, గుణదల తిరునాళ్లయిన వారానికి, మైలవరం అవతల కొండపక్క ఊరినుంచి వెంకటప్పయ్యగారు మిలిటరీ పాత జీపు తెచ్చారు. కూతురు సుబ్బరత్నానికి నెలలు నిండాయి. మొదటి కాన్పు దక్కలేదు. ఈసారి నొప్పులు రాకముందే బెజవాడ ఆసుపత్రికి చేర్చాలని ఆయన ఆత్రం. ఆ మాట విని జక్కయ్య భార్య శౌరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడంతే, ఎదురింటి మేక ఈనినా నిద్రపోదు.

మర్నాడు పొద్దున్నే ఇరుసు బిగించుకుని జీపు వెళ్లిపోయింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ శౌరమ్మ గుట్టు విప్పింది.

"ఆ పిల్లకేం భయంలేదులేవయ్యా. నిన్న సాయంత్రం నువ్వు టీకెళ్లినప్పుడు బూడిద పక్కకి లాగి, గుణదల కొండమీద ఫాదరుగారు దీవించిన నీళ్లు ఆ ఇరుసు మీద పోసి, మళ్లీ కప్పెట్టాను. సీసాడూ!"

జక్కయ్య చేతిలో ముద్ద జారిపోయింది. "సీసాడూనా?"

"చిలకరిస్తే ఆనుద్దా మరి, అంత ఇనుముకి?"

"కొంప ముంచావు కదే!"

చెయ్యి కడుక్కోకుండానే బస్సెక్కాడు. మైలవరంలో అద్దె సైకిలు తీసుకుని రాళ్లదారిన పడ్డాడు. మలుపు మలుపుకీ బోల్తాపడ్డ జీపే కళ్లముందు ఆడుతోంది. తీరా ఊళ్లోకి వెళితే జీపు వాకిట్లోనే ఉంది. వెనక పరుపు పరిచారు. సుబ్బరత్నం అప్పుడే కాలెత్తి ఎక్కబోతోంది.

"ఎక్కమాకమ్మా!"

కిందకి దూరి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే పట్టీ అంచున వెంట్రుకంత పగులు. వచ్చేటప్పటి రాళ్లకే విచ్చి ఇరుసులోకి పాకింది.

"ఇదేనంటయ్యా నీ పనితనం?" అన్నారు వెంకటప్పయ్యగారు.

జక్కయ్య నీళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన గుడ్లురిమి, అంతలోనే కూతురివంక చూసి అరుగుమీద కూలబడ్డారు.

"ఎక్కుంటే..."

"ఎక్కలేదుగా నాన్నా," అంది సుబ్బరత్నం. "బండి కట్టించు ముందు."

రాళ్లదారంతా ఎడ్లబండి మీద, మైలవరం నుంచి టాక్సీలో బెజవాడ చేరారు. వెంట వచ్చిన జక్కయ్య ఇంటికి కదల్లేక ఆసుపత్రి వరండాలోనే కూర్చుండిపోయాడు. తెల్లవారుఝామున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వెంకటప్పయ్యగారు పరుగున వచ్చారు.

"రావయ్యా, పిల్లని చూద్దువుగాని."

"చేతులు గ్రీజండీ."

"అయితే ఏం?" అంటూ ఆయన తన తెల్లపంచె చెంగు జక్కయ్య చేతిలో పెట్టారు. "తుడుచుకో."