సగంలో వచ్చిన మంగళహారతి

అక్కయ్యా, నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? తమ్ముడూ, షుగరు పరీక్ష చేయించుకున్నావా? భీమవరం పిన్నిగారూ, మీ దగ్గు ఎలా ఉంది? ఇక్కడ నాకు పొద్దుటి నుంచీ గుండెదడ. కారణం చెబితే నవ్వుతారు.

మా ఆయన గ్రామఫోను రికార్డుల నాటి నుంచీ భక్తిపాటలు పాడించి, వేయించి, అమ్ముతున్న మనిషి కదా. ఇన్నేళ్ళ తన కేసెట్లలోంచి మంచివి ఏర్చి, పూజ పాటలన్నీ ఒకే సీడీగా కూర్చారు. ఈ రోజు మా ఇంట్లో శుక్రవారం పూజకి దాన్నే పెట్టాం. సగంలో మంగళహారతి పాట వచ్చేసింది. పేరంటాళ్ళందరూ లేచి, హారతి కళ్ళకద్దుకుని, చక్కగా వెళ్ళిపోయారు. నైవేద్యం పాట ఆ తర్వాత మొదలైంది. పులిహోర ఇంకా వంటింట్లోనే ఉంది.

"ఏవండీ, సగంలో హారతి ఏంటండీ?" అన్నాను.

"నువ్వే కదే పెట్టించావు! మొదటి వైపు అవ్వగానే ఎవరైనా కేసెట్టు ఆపేస్తే, హారతి లేని పూజ అయిపోతుందని ఒకటే గోల చేశావు. అప్పట్నుంచీ రెండు వైపుల చివరా హారతి పెడుతూనే ఉన్నాను, ఈ సీడీలోనూ అలాగే వచ్చేసింది."

"అయితే ఒకటి తీసెయ్యండి."

"ఏది తియ్యాలో నీ నోటితోనే చెప్పు."

తీయిస్తే అమ్మవారికి కోపం వస్తుందేమోనని భయం. ఉంచితే ఊరూరా పూజలు సగంలో ఆగి, ఆయన ఇన్నేళ్ళ పేరు నా మూలంగా పోతుందని భయం. మీరైతే ఏది తీయిస్తారు? సీడీ సోమవారం కాపీలు వేయించడానికి ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఆదివారం పొద్దున్నే అందరూ వచ్చి, ఆ మాట ఆయనతో మీరే అనండి.