ఈల మాస్టారి సరే

వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, గేటు దగ్గర నిలబడి అరటిపళ్ళున్నాయా అని అడిగిన సందర్భాలున్నాయి. ఆయన విసుక్కోడు. "ఉన్నాయమ్మా. కాకపోతే నావి మీరు కొరికేవి కావు, మీచేత కొరికించేవి" అంటాడు.

ఆయన పళ్ళ డాక్టరు కాడు. పళ్ళ డాక్టరు గది వెనక, కిటికీ పక్కన బల్ల వేసుకుని కట్టుడు పళ్ళు చేసిన మనిషి. ముందు గదిలో డాక్టరు నోటి అచ్చు తీస్తే, అది వెనక గదికి వచ్చేది. దాంట్లో ప్లాస్టర్ పోసి, దిమ్మ చేసి, మైనం వరసలో ఒక్కో పన్నూ గుచ్చుతూ ఉద్యోగమంతా గడిపేశాడు. అందుకే ఆయనకు మనుషుల మొహాల కంటే నవ్వులు బాగా గుర్తు. ఒకసారి పరామర్శకు వెళ్ళి, పోయినాయన వైపు చూసి, "పై వరస ఏమాత్రం చెక్కుచెదరలేదు" అని పైకే అనేశాడు. ఆ కుటుంబం ఇప్పటికీ ఆయన ఎదురైతే నోరు మూసుకునే పలకరిస్తుంది.

ఊరందరికీ పళ్ళు కట్టిన మనిషికి రిటైరయ్యేనాటికి సొంత పళ్ళు మిగల్లేదు. డాక్టరుగారే, "నీ సెట్టు నువ్వే చేసుకో, అదే నీకు నా వీడ్కోలు కానుక" అన్నారు. ఆఖరి వారంలో, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతూ, చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతుంటే, సెట్టు తయారైపోయింది.

మర్నాడు పొద్దున్నే అది పెట్టుకుని వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లోంచి భార్య అడిగింది.

"టీ పెట్టనా?"

"సరే" అన్నాడు.

లోపల మూత ఏదో కిందపడి గిరగిరా తిరిగి ఆగింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ముందు ఆయన్ని చూసింది. తర్వాత ఆయన వెనక ఉన్న ఖాళీ కుర్చీని చూసింది.

"ఎవరొచ్చారండీ?"

"ఎవరూ రాలేదే."

"నాన్న గొంతు వినబడింది."

ఆవిడ నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

ఆయన పళ్ళాయనకు మామగారు కాకముందు మాస్టారు. బళ్ళో అందరూ ఈల మాస్టారు అనేవాళ్ళు. ముందు పళ్ళ మధ్య సందుండేది. నోట్లోంచి 'స' వచ్చినప్పుడల్లా దానికి తోకలా చిన్న ఈల పడేది. పొద్దున్నే ప్రార్థన చెప్పించేదీ ఆయనే. "సర్వం ఎరిగిన స్వామీ, సన్మార్గం చూపించు" అని ఆయన ఎత్తుకుంటే పక్షుల గుంపు లేచినట్టుండేది. వెనక వరసలో పళ్ళాయన గొంతు విప్పకుండా పెదాలు మాత్రం ఆడించేవాడు. మాస్టారు అదీ పట్టేశారు.

"ఒరే వెనక వరసా! పెదాలాడిస్తే దేవుడికి కనబడుతుంది గానీ, వినబడదురా."

మాస్టారి క్లాసులో ఇంకో పద్ధతి ఉండేది. ప్రశ్న అడిగితే లేచి నిలబడాలి. జవాబు తప్పయినా ఒప్పయినా, ఆయన "సరే, కూర్చో" అనేదాకా కూర్చోకూడదు. ఆయన మర్చిపోతే గంట కొట్టేదాకా నిలబడే ఉండాలి. క్లాసయ్యాక బల్ల మీద గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బోర్లించకుండా అలాగే వదిలేసి వెళ్ళిపోయేవారు. సొంత కూతురైనా సరే, ఇంట్లోనూ అదే పద్ధతి.

కాలక్రమాన మాస్టారి పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. అప్పటికి పళ్ళాయన పనిలో కొత్త. వెనక గదిలోకి వచ్చి మాస్టారు అడిగింది ఒకటే. "నా సందు నాకు పెట్టరా. అది లేకపోతే పిల్లలు నన్ను గుర్తుపట్టరు." పళ్ళాయన సొంతంగా చేసిన మొదటి సెట్టు అదే. తోడుగా కూతురు వచ్చేది. కాబట్టి ఆ సెట్టు ఎంతకీ కుదిరేది కాదు. "పై వరస ఇంకొంచెం సర్దాలి మాస్టారూ, వచ్చే వారం రండి" అంటూ, సర్దాల్సిన పని లేని పళ్ళను ఎన్నిసార్లు సర్దాడో ఆ సెట్టుకే తెలియాలి. నడవాలో ఆ అమ్మాయితో మాటలు మాత్రం భలే కుదిరాయి.

కొత్త సెట్టు పెట్టాక 'స' సరిగ్గా పలుకుతుందో లేదో చూడటం ఈ పనిలో మామూలే. చివరికి ఓ రోజు మాస్టారి నోట్లో సెట్టు పెట్టి, అమ్మాయి వినేలా గొంతు పెంచి అడిగాడు.

"మాస్టారూ, మీ అమ్మాయిని నాకిస్తారా? ఊఁ, ఏదీ, ఓసారి సరే అనండి."

మాస్టారు మొదటి ముక్క పరాకుగా విన్నారు, రెండో ముక్క శ్రద్ధగా విన్నారు. "సరే" అన్నారు. ఈల బ్రహ్మాండంగా పడింది. నడవాలో అమ్మాయి నవ్వాపుకోలేక గోడకు తల ఆనించింది.

తర్వాత నిజంగానే పెళ్ళి మాట వచ్చినప్పుడు, పళ్ళాయన ఆ సరేని గుర్తుచేశాడు. మాస్టారు ఇంతెత్తున లేచారు. "అది నా పళ్ళన్నాయి. నేననలేదు."

పెళ్ళి ఆగలేదు. మాస్టారూ రాకపోకలు మానలేదు. వచ్చేవారు, తినేవారు, మనవరాల్ని ఆడించేవారు. కూతురితో సరే అన్న మాట మాత్రం మళ్ళీ అనలేదు. దేనికైనా "ఊఁ" అనేవారు. అన్నం వడ్డించనా నాన్నా? ఊఁ. బయల్దేరుతున్నారా నాన్నా? ఊఁ. ఆవిడ ఆయన ముందు గోడకు ఆనుకుని నిలబడే ఉండేది, ఎన్నడూ కూర్చోలేదు. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. తినడం నిలబడే, కూరలు తరగడం నిలబడే. "నీ కాళ్ళల్లో స్ప్రింగులేమైనా ఉన్నాయటే?" అని మొగుడు ఎగతాళి చేస్తే నవ్వేసేది గానీ, కూర్చునేది కాదు.

ఇప్పుడీ పళ్ళు. ఆయన సెట్టు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. ముందు పళ్ళ మధ్య సందుంది, అచ్చం మాస్టారిదే. ఎన్నోసార్లు సర్దిన పని చేతులకు అలవాటైపోయింది, కబుర్లలో ఉండగా అవే గుచ్చేశాయి. అంతే కదా అని స్థిమితపడ్డాడు. పాత గదికి వెళ్ళి సందు పూడ్చి, నున్నగా అరగదీసి, మధ్యలో దారం కూడా దూరకుండా చేసుకొచ్చాడు.

గేటు తీస్తూ, "ఏమే, సందు మూసేశా" అన్నాడు.

'స' దగ్గర ఈల ఠంచనుగా పడింది.

ఆయన నాలుకతో తడిమి చూసుకున్నాడు. సందు లేదు.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "ఎలా ఉన్నావే?" అని ఈయన అడిగాడో లేదో, అవతల మాట ఆగిపోయింది.

"నాన్నా... పక్కన తాతయ్య ఉన్నాడా?"

"ఏం మాటే అది! సెట్టు కొత్తది కదా, సరిగ్గా కుదర్లేదు."

"పళ్ళది కాదు నాన్నా. నువ్వు మాట్లాడేముందు ఎవరో గొంతు సవరించుకున్నారు, తాతయ్యలాగా."

ఆయన ఫోను చెవి నుంచి తీసి, దాని వైపు కాసేపు చూశాడు.

రిటైరైన మనిషికి భార్య దగ్గరా దేవుడి దగ్గరా చెప్పడానికి సాకులుండవు. ఆవిడ రోజూ చేసే ప్రార్థనలో ఇకనుంచి తనూ కూర్చుంటానని మాటిచ్చాడు. ఆవిడ నిలబడే చేస్తుందనుకోండి. చేతులు కట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, బళ్ళో లాగే పెదాలు ఆడించడం మొదలుపెట్టాడు. నోట్లోంచి మాత్రం గట్టిగా ఇంకేదో వచ్చింది.

"వెనక వరస! వినబడటం లేదు!"

అలా అనాలని ఆయన అనుకోలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని, ఇంకా గట్టిగా ప్రార్థన చదువుతోంది. బెంచీ దగ్గర నిలబడ్డ పిల్లలా ఉంది.

అక్కణ్ణించి ఆవిడకు అడిగే పనులు ఎక్కువైపోయాయి. టీ పెట్టనా? కిటికీ ముయ్యనా? దుప్పట్లు ఉతకనా? ఆయన సరే అన్నప్పుడల్లా ఆవిడ పని ఆపి, ఈల పూర్తయ్యేదాకా తల వంచుకుని వినేది. ఇన్నేళ్ళ కాపురంలో తన మాట ఆవిడ అంత శ్రద్ధగా ఏనాడూ వినలేదు. ఆయనకు కడుపు మండింది. చచ్చిపోయిన మామగారి మీద అసూయపడటమంత నామోషీ ఇంకొకటి లేదని తెలిసినా మండింది. ఇక సరే అన్న మాట మానేద్దామని, టీ పెట్టనా అంటే "ఊఁ" అన్నాడు.

"అదీ నాన్నే" అంది ఆవిడ మెల్లగా.



ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, నాన్నని ఒక్క మాట అడగాలి. మీరు మధ్యలోకి రాకండి."

"నోరు నాదైతే, నన్నే మధ్యలోకి రావద్దంటే ఎలాగే?"

"ఒక్కసారికే. అప్పుడన్నది పళ్ళ సరే అన్నారు కదా నాన్న. అసలుది అనకుండానే ఆయన పోయారు. రేపు నేనూ అది వినకుండానే పోతాను."

ఏం అడగబోతోందో ఆయనకు అర్థమైంది. తను సరే అంటే ఈల పడుతుంది, ఆవిడ ప్రాణం కుదుటపడుతుంది. కానీ అదీ పళ్ళ సరేనే అవుతుంది, వయసులో చేసిన తుంటరి పనే ముసలితనంలో మళ్ళీ చేసినట్టవుతుంది. నోరు మూసుకుంటే ఆవిడ ఇలా నిలబడే వెళ్ళిపోతుంది.

సెట్టు తీశాడు. గ్లాసులో నిండా నీళ్ళు పోసి, అందులో వేసి, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. బోసినోరు చేత్తో గట్టిగా మూసుకుని, రెండడుగులు వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆవిడకు అర్థమైంది. చేతులు కట్టుకుంది.

"నాన్నా, ఈయన్ని చేసుకున్నాను. బాగానే చూసుకున్నారు. సరేనా?"

ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయారు. గ్లాసులో పళ్ళు నీళ్ళ వల్ల పెద్దవై కనబడుతూ, ఎవరినీ ఉద్దేశించకుండా ఇకిలిస్తున్నాయి. ఏదీ రాలేదు. ఆవిడ ఇంకా చేతులు కట్టుకునే ఉండటం చూసి, పళ్ళాయన జీవితంలో మొదటిసారి, పెదాలు కూడా కదపకుండా, నిజంగా ప్రార్థించాడు. ఒక్కసారి పలకండి మాస్టారూ. మీ పిల్ల నిలబడే ఉంది.

"స్సరే. కూర్చో."

గదిలోనే వినబడింది. కుక్కరు కూత అని సర్దిచెప్పుకుందామంటే పొయ్యి మీద కుక్కరు లేదు. పళ్ళాయన చెయ్యి ఇంకా నోటి మీదే ఉంది. ఆవిడ వెతకలేదు, అటూ ఇటూ చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాళ్ళు చాపింది. చాలా దూరం నడిచొచ్చిన మనిషిలా ఒక నిట్టూర్పు విడిచింది. పళ్ళాయన కూడా గోడవారనే నేల మీద చతికిలబడ్డాడు.

ఎంతసేపటికో ఆవిడ అంది. "ఏవండీ, టీ మీరు పెట్టండి."

పెళ్ళయ్యాక ఆవిడ ఈ మాట అనడం ఇదే మొదలు. ఆయన బల్ల పట్టుకుని లేచి, పళ్ళ కోసం గ్లాసులో వేలు పెట్టాడు. వేలు తడవలేదు. నీళ్ళు లేవు. బల్ల మీద చుక్క ఒలకలేదు. సెట్టు అడుగున పొడిగా పడి ఉంది.

ఎండితే వంకర పోతుందని, కుళాయి కింద తడిపి నోట్లో పెట్టుకున్నాడు.

"సరే" అన్నాడు.

ఈల పడలేదు. ఎవరి నోట్లోంచైనా వచ్చే సరే లాగే వచ్చింది. ఇంకోసారి అని చూసుకున్నాడు, అంతే.

"ఇది మీదే" అంది ఆవిడ కూర్చునే.

ఆయన గిన్నె పొయ్యి మీద పెట్టి, బళ్ళో మాస్టారి బల్ల గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. బల్ల మీది గ్లాసు కడిగాడు. మళ్ళీ నిండా నీళ్ళు పోసి, మూత పెట్టకుండా, ఉన్నచోటే పెట్టాడు.