కనకాంబరాల పాదులో జిర్కాన్లు

రేపల్లెలో ఏ పెళ్ళికి వెళ్ళినా మా ఆడపడుచు ఇదే కథ చెబుతుంది: పిడికెడు మట్టి పారబోశారని నేను అత్తగారి మీద అలిగి అన్నం మానేశానట. అబద్ధం. నేను అలగలేదు, పోట్లాడాను. అన్నం రెండు పూటలా తిన్నాను. పైగా అది మట్టి కాదు, గ్రానైట్ పొడి.

భూమి లోతున శిలాద్రవం చల్లారి గడ్డకడితే గ్రానైట్. అందులో కంటికి ఆనీ ఆనని జిర్కాన్ స్ఫటికాలుంటాయి. పొర మీద పొర పెరుగుతూ, ఏ పొర ఎంత వేడిలో కట్టిందో తమలోనే దాచుకుంటాయి. ఆ ద్రవం ఎప్పుడు చల్లబడింది, మళ్ళీ ఎప్పుడు కాగింది అన్నది వాటినే అడగాలి. తెనాలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఈ వయసులో మొదలుపెట్టిన నా పిహెచ్‌డీ అంతా ఆ పొడి మీదే ఉంది. రాయి తెచ్చిన క్వారీ నీళ్ళతో నిండిపోయింది. మళ్ళీ దొరకదు.

సెలవులకు బాపట్ల వెళ్ళి, అత్తగారి పెరట్లో పళ్ళెంలో పొడి గాలించడం మొదలుపెట్టాను. తేలికది నీళ్ళతో పోతుంది, బరువైన జిర్కాన్ అడుగున మిగులుతుంది. ఇంతలో ప్రిన్సిపాల్ ఫోన్. మాట్లాడి వచ్చేసరికి పని అయిపోయింది.

"ఒక్క రాయి లేకుండా గాలించానమ్మాయ్," అన్నారు అత్తగారు, తెల్లటి పొడి పేపరు మీద ఆరబోస్తూ.

"అడుగున మిగిలిందేదండీ?"

"ఆ నల్లటి చెత్తా? కనకాంబరాల పాదులో పోసేశా."

"నాక్కావలసింది ఆ చెత్తేనండీ!"

"చెత్త కోసం ఎవరన్నా గాలిస్తారా? ఏం చదువే నీది!"

పాదు తవ్వి మట్టంతా గాలించాను, ఈసారి ఆవిడను దగ్గరికి రానివ్వకుండా. జిర్కాన్లు దొరికాయి. అనుకున్నదానికన్నా ఎక్కువే.

"చూశావా, పాదులో వేస్తే పెరిగాయి," అన్నారావిడ గర్వంగా.

"పెరగవండీ. ఈ పాదులో ఇసకెక్కడిది?"

"సూర్యలంకది. మట్టి గట్టిపడుతోందని మీ మామయ్య బస్తాడు తెచ్చి పోశారు."

సముద్రపు ఇసకలోనూ జిర్కాన్ ఉంటుంది. ఏ ఏరు ఏ కొండ నుంచి మోసుకొచ్చిందో!

ల్యాబు పరీక్షల్లో నా గ్రానైట్‌తో వయసు కలవని గింజలను ఏరి పారేశాను. మిగిలినవన్నీ మెల్లగా చల్లారిన కథే చెప్పాయి, ఒక్కటి తప్ప. దాని వయసు కలిసింది కానీ, మధ్యలో ఒక పొర భగ్గుమన్న వేడిలో కట్టింది. అది నా రాయిదైతే ఆ శిలాద్రవం ఒకసారి మళ్ళీ కాగినట్టు, నా థీసిస్‌లో అసలు అధ్యాయం అదే. గైడు వదిలెయ్యమన్నారు. "నీదేనని రాసెయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నారు అత్తగారు. నేను రాయలేదు, వదల్లేదు. అదే వయసు కొండలు ఇంకెన్ని సముద్రంలోకి కొట్టుకుపోయాయో ఎవరికి తెలుసు?

ఇంతకీ ఆ ఒక్క గింజ నాదా, సూర్యలంకదా?