ఇమానం దొర పోసిన కల్లు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చున్న కాసేపటికి, ముందు సీటు కింద ఎవరిదో ప్లాస్టిక్ సీసా మూత వదులై, ఈత కల్లు సన్నటి ధారగా నా చెప్పుల దాకా పారింది. పులిసిన పిండి వాసన, పచ్చి మట్టల వాసన, అన్నిటికీ అడుగున కొద్దిగా తీపి. సీసా గలాయన నొచ్చుకుని, "కాళ్ళు జర మీదికి తీస్కోండ్రి సారూ, తుడుస్త" అన్నాడు. పర్వాలేదన్నాను. నేను కల్లు ముట్టను. ఆరోగ్యం కోసమని బయట చెబుతాను గానీ, అసలు కారణం ఈ వాసన రాగానే నా కళ్ళ ముందుకొచ్చే ఒక పెద్దమనిషి. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆయనైతే బతికున్నవాళ్ళ గురించి కూడా ఎన్నడూ చెడు మాట్లాడలేదు. ఆయన మీద నా మొదటి ఫిర్యాదు అదే.

ఊళ్ళో ఆయన్ని ఇమానం దొర అనేవాళ్ళు; మా నోళ్ళలో విమానం ఇమానమే. మా ఊరి పెద్ద దొరకు స్వయానా తమ్ముడు. తెల్లవాళ్ళ కాలంలో, ప్రపంచమంతా కొట్టుకున్న పెద్ద యుద్ధంలో, మీసాలు సరిగ్గా మొలవకముందే బర్మా మీద యుద్ధ విమానం నడిపాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక విమానం దిగి రాయబారుల కొలువులో చేరి, తల నెరిసే దాకా దేశదేశాల్లో మన తరఫున విందులు తిన్నాడు. ఉద్యోగం అయిపోయాక ఢిల్లీలో ఇల్లు కట్టుకుని, ఏటా బతుకమ్మ పండుగ ముందు అన్నగారి గడికి, కోటలాంటి ఆ పాత ఇంటికి, వచ్చి దసరా వెళ్ళాక పోయేవాడు. గడి గోడల నిండా ఆయన ఫోటోలు. ఒక్కో ఫోటోలో ఒక్కో దేశపు రాజో మంత్రో ఉండేవాళ్ళు గానీ, ఆయన చిరునవ్వు మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు ఉండేది. యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల మంత్రుల పక్కన కూడా అదే నవ్వు.

ఆ పండుగ రోజుల వాసనలు వేరు. వానలు వెనకపట్టి, పొద్దున మంచు మొదలై, మక్క చేలు పసుపుబారుతుంటే, పిల్లలం తెల్లారగానే గుట్ట కింద తంగేడు పూలకూ గునుగు పూలకూ పోయి, ఒళ్ళంతా పూల పొడితో, కాళ్ళకు పల్లేరు ముళ్ళతో తిరిగి వచ్చేవాళ్ళం. గునుగు కట్టలను రంగు నీళ్ళలో ముంచితే వేళ్ళకు పట్టిన ఎరుపూ నీలమూ దసరా దాకా పోయేవి కావు. అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి తంబాకు పోసి బీడీలు చుడుతూనే, పొయ్యి మీద కాల్చిన మక్క కంకిని మధ్య మధ్య మా వైపు విసిరేది. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం చాట గోడకు ఆనించి, రొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది. ఆ ఒక్క రోజే ఆమె వేళ్ళకు తంబాకు వాసన కాక బెల్లం వాసన ఉండేది. ఒకసారి ఇమానం దొర మా వాకిలి ముందు ఆగి, ఒక ముద్ద అడిగి తీసుకుని, కొసన కొంచెం కొరికి, "అద్భుతం" అన్నాడు. మిగిలిన ముద్దను గడి మలుపు తిరిగాక గోడ మీద పెట్టేసి పోవడం నేను చూశాను. కాకి కోసం పెట్టాడనుకున్నాను. అంత పిచ్చి నాకు ఆయనంటే.

సాయంత్రాలు గడి మెట్ల మీద కూర్చుని మాకు విమానాల కథలు చెప్పేవాడు. కుడి అరచేయి తన విమానం, ఎడమ అరచేయి శత్రువుది. కుడిచేయి పైకి లేచి, ఒరిగి, ఎడమచేతి మీదికి దూకేది. "ఎప్పుడూ ఎండలోంచి రావాలి బాబూ. ఎండ వెనక పెట్టుకుని వచ్చేవాణ్ణి ఎవరూ చూడలేరు" అనేవాడు. ఆ కుడిచేతి మీద మణికట్టు దాకా కాలిన మచ్చ ఉండేది. మండుతున్న విమానాన్ని అడవిలో దింపి నడిచి వచ్చాడట. అది అబద్ధం కాదు. అబద్ధమైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఎన్ని విమానాలు కూల్చారని నేను అడిగితే మాత్రం నవ్వి, "యుద్ధంలో అందరూ బాధపడతారు" అనేవాడు. ఆ జవాబులోని గొప్పతనానికి పొంగిపోయి ఇంటికొచ్చి చెబితే, ఎడ్లకు గడ్డి వేస్తున్న మా నాన్న, బాపు, వెనక్కి కూడా తిరగలేదు.

"కూల్చినోడు కూల్చిన అంటడు, కూల్చనోడు లేదంటడు. ఏదీ అననోడు రెండు దిక్కుల దావతు తింటడు, పో."

నాకు బాపు మీద సిగ్గేసింది. బాపు గట్టిగా మాట్లాడేవాడు, చేతులు ఊపేవాడు, కోపమొస్తే ఎదుటివాడు ఎవరని చూసేవాడు కాదు. నేను ఎక్కడికైనా పోతే ఇమానం దొరలా మెల్లగా నవ్వడం, తల పక్కకు వంచి వినడం అభ్యాసం చేస్తుండేవాణ్ణి.

ఒక ఏడు తొలకరిలో పెద్ద దొర మా చేను బాట దున్నించాడు. మా చేనుకు పోయే బండి బాట ఆయన భూమిలోంచే ఉండేది. తాత కాలం నుంచి ఎవరూ అడ్డం చెప్పలేదు. బాట లేకపోతే ఎరువు పోదు, పంట రాదు, బండి తిరగని చేనును ఎవరూ కొనరు, పెద్ద దొర తప్ప. ఆయన ఎత్తూ అదే. బాపు తొలకరి నుంచి దసరా దాకా ఊరి పెద్దల చుట్టూ తిరిగాడు. ఎవరూ గడిలో మాట ఎత్తలేదు. చివరికి జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అందరూ కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకుంటున్న సమయంలో, ఇమానం దొర కల్పించుకుని, రేపు అందరం కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. దేశాల తగవులు తీర్చినాయనకు బండి బాట ఒక లెక్కా అని ఊరంతా అనుకుంది. నేనైతే బాట అప్పుడే వచ్చేసిందని పక్కింటి పిల్లలతో పందెం కాశాను.

ఇక్కడ మా దిక్కు ఒక రివాజు చెప్పాలి. పంచాయతి తెగాకే కల్లు తాగుతారు. ఇద్దరూ తమ తమ మాట చెప్పుకుని, తిట్టుకుని, పెద్దలు తీర్పు చెప్పాక, ఒకే లొట్టిలోంచి, అంటే ఒకే కల్లుకుండలోంచి, ఇద్దరికీ వంపుతారు. ఆ కల్లు కడుపులోకి పోతే తగువు అక్కడితో చచ్చినట్టు. మళ్ళీ ఎత్తినవాడు ఊరికి తప్పు కట్టాలి. అది మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లాడికి కూడా తెలుసు.

గడి వసారాలో కుర్చీలు వేశారు. బాపుకు కూడా వేశారు. బాపు దాని అంచున, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. నేను ఆయన మోకాలు పట్టుకుని నిలబడ్డాను. పెద్ద దొర ఎదురుగా మీసం సవరించుకుంటున్నాడు. ఊరి పెద్దలు గోడవారన. ఇంకా ఎవరూ నోరు తెరవకముందే, లోపలి నుంచి ఇమానం దొర రెండు చేతుల్లో సన్నటి కాడల గాజు గ్లాసులతో వచ్చాడు. గౌడు అప్పుడే దింపిన లొట్టిలోంచి వంపిన ఈత కల్లు, ఆ విలాయతీ గ్లాసుల్లో తెల్లగా నురుగుతోంది.

"ముందు గొంతు తడుపుకుందాం. గొంతు తడిస్తే మాట మెత్తబడుతుంది. ఇది నా జీవితమంతా చూసిన సత్యం" అన్నాడు.

వసారా అంచుకు వచ్చి మా ఎదురుగా నిలబడ్డ ఆయన వెనక పొద్దు ఉంది. బాపు చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆయన్ని చూశాడు. గ్లాసు అందుకోలేదు. "మాట అయినంక తాగుత తియ్యండి దొరా" అన్నాడు. గోడవారన ఒక పెద్దాయన దగ్గాడు. దొర తన చేత్తో ఇస్తే వద్దనడం ఎంత తప్పో ఆ దగ్గులో ఉంది. ఇమానం దొర నవ్వు చెక్కు చెదరలేదు, చాచిన చేయి అలాగే ఉంది, కాలిన మచ్చ సరిగ్గా నా కళ్ళ ముందు ఉంది. బాపు ఎటూ తోచక నా వైపు చూశాడు. దేశదేశాల రాజులకు గ్లాసందించిన చేయి మా బాపుకు అందిస్తోందన్న గర్వంతో నాకు ఒళ్ళు పొంగుతోంది.

"తీస్కో బాపు. దొర ఇస్తున్నడు గద" అన్నాను.

బాపు తీసుకున్నాడు. తాగాడు. పెద్ద దొర తనది గటగటా తాగి, మీసం తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

"ఇగ అయిపాయె. లేవుండ్రి."

"అయ్యా, నేనింక నోరే తెర్వలే!" అన్నాడు బాపు.

దగ్గిన పెద్దాయన తీర్పు చెప్పాడు. "కల్లు తాగినంక నోరు తెర్సుడేందిరా? ఒక్క లొట్టిల తాగిండ్రు, తెగిపోయింది. మల్ల ఎత్తితే తప్పు వడ్తది."

ఇమానం దొరకు ఏమీ అర్థం కాలేదు. తగువు ఇంత తొందరగా తెగిందని మురిసిపోయి బాపు చేయి పట్టుకుని ఊపాడు. ఆ చేయి ఊపుడు ఫోటో ఒక్కటే గడి గోడ మీద లేదు.

మర్నాడు నేనొక్కణ్ణే గడికి పోయాను. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఏడుస్తూ అంతా చెప్పాను. కత్తి ఆగింది. సబ్బు నురుగు కింద ముఖం ఒక్క క్షణం ముసలిదైపోయింది.

"అవురా. గంతే గద. మా బాపు కాలంల గూడ గంతే ఉండె. ఎట్ల మర్సిపోయిన?" అన్నాడు.

ఆయన నోట మా మాట వినడం అదే మొదలు, అదే ఆఖరు. వసారాలోకి పోయి, పొరపాటు నాది, మళ్ళీ కూర్చుందాం అని ఒక్క మాట అంటే చాలు. ఆయన అంటే పెద్దలు వింటారు. అవతలి గదిలో పెద్ద దొర ఎవరినో కసురుతున్న గొంతు వినిపించింది. ఇమానం దొర అటు చూశాడు, మళ్ళీ అద్దంలోకి చూశాడు. అచ్చులో పోసిన నవ్వు తిరిగి వచ్చింది.

"ఇప్పుడు కదిపితే అన్నయ్య నొచ్చుకుంటాడు బాబూ. చూశావు కదా, ఎవరూ అరుచుకోలేదు, అందరూ సంతోషంగా లేచారు. అది చిన్న విషయం కాదు."

నిప్పులోంచి నడిచి వచ్చిన మనిషికి అన్నగారి ముఖం మాడితే భయం. ఆయన పతకాలన్నీ నాకు ఆ రోజే రేకు ముక్కలైపోయాయి. కానీ ఆయన మేజా సొరుగు తీసి ఒక విలాయతీ చాక్లెట్ ఇచ్చాడు, నేను తీసుకున్నాను. దారిలోనే, చెల్లెలికి కూడా దాచకుండా, మొత్తం తిన్నాను. అది తియ్యగానే ఉంది. ఆయన్ని తిట్టుకునే ప్రతిసారీ ఆ తీపి నాలుక మీదికి వస్తుంది.

ఆ ఏటి మక్కలు అవ్వా బాపూ నెత్తిన మోసి గట్ల మీదుగా ఇంటికి తెచ్చారు. తర్వాత ఎండాకాలానికి చేను పెద్ద దొర చెప్పిన ధరకు పోయింది. కామారెడ్డికి మారాం. బాపు బెల్లం మండీలో హమాలీ అయ్యాడు. చెమటా బెల్లమూ కలిసిన వాసనతో ఇంటికొచ్చేవాడు, చొక్కా విప్పితే ఈగలు ముసిరేవి. ఆ బెల్లం మూటలు మోసి నన్ను చదివించాడు. చదివి నేనేమయ్యాను? ఒక ఫ్యాక్టరీలో, కూలి పెంచమని వచ్చే కార్మికులతో యజమాని తరఫున మాట్లాడే ఉద్యోగినయ్యాను. వాళ్ళు కోపంగా రాగానే కూర్చోబెట్టి, పేరుపేరునా ఇంటి సంగతులు అడిగి, ముందు చాయ్ తెప్పించేవాణ్ణి. చాయ్ తాగినవాడు వెంటనే అరవలేడు. తల పక్కకు వంచి వినేవాణ్ణి. ఇమానం దొర మరిచిపోయి చేసింది నేను తెలిసే చేశాను, ముప్పై ఏళ్ళ పాటు జీతం తీసుకుని చేశాను. అందుకని ఆయన మీది చీదర ఏమీ తగ్గలేదు. దాన్ని పంచుకోవడానికి నేనూ తోడయ్యాను, అంతే.

బాపు ఆఖరి రోజుల్లో ఒకసారి, మంచం పక్కన కూర్చుని అడిగేశాను. "ఆ దినం నేను తీస్కోమనకపోతే నువ్వు తాగకపోదువు గద బాపు?"

ఎప్పుడూ అరిచే మనిషి, మెల్లగా అన్నాడు.

"నువ్వు అన్నదే నాకు ఇనవడలే బిడ్డ. గొంతెండి దూప అయింది, తాగిన."

ఊళ్ళో బస్సు దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గడి లేదు, మెట్లు లేవు. గునుగు పూసే చోట రంగు రాళ్ళు పాతిన ప్లాట్లు. మా పాత చేను కాడ కూడా ప్లాట్లు చేస్తున్నారని చిన్నాయన కొడుకు ఫోన్ చేస్తే, కొనే ఉద్దేశం లేకపోయినా చూద్దామని వచ్చాను. పెద్ద దొర మనవలు అంతా అమ్మేశారట. ఆ ప్లాట్ల మధ్య నుంచి, తాత బండి తోలిన చోటే, నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పుగా సిమెంటు రోడ్డు వేశారు. దాని మీద నడిస్తే చేను ఇంత దగ్గరా అనిపించింది. దున్నిన భూమిలో అవ్వ మూటతో నడిచినప్పుడు ఎంత దూరముండేదో.

ప్లాట్లు అమ్మే కుర్రాడు ఎదురొచ్చి, టెంటు కింద కుర్చీ తుడిచి వేసి, చల్లటి కూల్‌డ్రింక్ సీసా మూత తీసి చేతికిచ్చాడు. మంచి నవ్వు.

"ముందు ఇది తాగుండ్రి సార్, ఎండల వచ్చిండ్రు. తర్వాత నిమ్మళంగ మాట్లాడుకుందం."

సీసా మీంచి నీటి చుక్కలు నా వేళ్ళ మీదికి జారాయి. కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచీ నాలుక ఎండిపోయి ఉంది.

"దూప లేదు తమ్మీ" అని సీసా తిరిగి ఇచ్చేశాను.