ఆగాక వచ్చే దగ్గు

మా చిన్నచెల్లి పోయింది. కామెర్లు ముదిరి కొన్నాళ్ళు మంచం పట్టి, మొన్న శుక్రవారం పొద్దున పోయింది. కబురు వచ్చేసరికి నేను నందిగామలో మా ఇంట్లో దేవుడి దగ్గర వత్తులు చేస్తున్నాను. చేతిలో వత్తి వెలిగించాకే లేచాను.

దాన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది జగ్గయ్యపేటలో ఒక మామూలు పొద్దున. తొంభైలు ముగుస్తున్న రోజులు, ధనుర్మాసం. నేను వాళ్ళింటికి వెళ్ళి ఉన్నాను. అది ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. నిలబడే కాఫీ తాగింది. దేవుడి అర దగ్గరికి వచ్చి భరిణె తీసి బొట్టు పెట్టుకుంది. గుమ్మం మెట్టు మీద కూర్చుని కాన్వాసు బూట్లు తొడుక్కుంది.

"దేవుడికో నిమిషం, బూట్ల లేసుకో నిమిషం. రెండూ వదులుగా ఉండకూడదు పెద్దక్కా" అంది. రోజూ అనే మాటే.

గుడికి వెళ్తూ గ్రౌండు దాకా దానితో నడిచాను. పిల్లలతో పాటు తనూ పరిగెత్తింది. వెనకబడ్డ వాళ్ళని చూసి, "ముప్పై దాటినదాన్ని నేనే పరిగెత్తా, మీకేం రోగమే?" అంది. పిల్లలు నవ్వారు. పరుగు ఆగింది. పిల్లలు ఖోఖోకి జట్లు పంచుకుంటుంటే ఇది మెల్లగా కుళాయి వెనక్కి వెళ్ళింది. ఛాతీ మీద చెయ్యేసుకుని దగ్గుతోంది. మాట రావడం లేదు.

"ఏమైందే?"

కాసేపటికి తేరుకుంది. "ఏం లేదు పెద్దక్కా. చలి."

బడి గంట కొట్టేసరికి నిజంగానే ఏమీ లేదు.

అలా రెండు చలికాలాలు గడిచాయి. అప్పట్లో చెల్లి దగ్గరే ఉండే మా అమ్మ పెరుగు మాన్పించింది. మిరియాల పాలు పట్టించింది. ఊళ్ళో డాక్టరు గారికి చూపిస్తే ఎక్స్‌రే బాగుంది, ఛాతీ శుభ్రంగా ఉంది, నీరసం అన్నారు. టానిక్కు రాశారు. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే మాట.

అలా అనక ఏమంటారు? మా అమ్మకి ఒక పద్ధతి ఉండేది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండ్రోజులు పిల్లని సెలవు పెట్టించి పడుకోబెట్టేది. ఆవిరి పట్టించేది. తల దువ్వి, ఇస్త్రీ చీర కట్టించి తీసుకెళ్ళేది. "ఈసురోమంటూ వెళితే ఆయన ఏమనుకుంటాడు?" అనేది. పెళ్ళిచూపులకి తయారు చేసినట్టు తయారు చేసి తీసుకెళితే, జబ్బు ఇంట్లోనే ఉండిపోయేది.

ఇంతలో బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ గారు దాని దగ్గు చూశారు. గ్రౌండు చేతకాకపోతే కుట్టుపని క్లాసు తీసుకోమన్నారు. సోమవారానికల్లా చెప్పమన్నారు. మా మరిదికి, అంటే చెల్లి మొగుడికి, ఆ మాట నచ్చింది. "నీడపట్టున ఉంటావు, తీసుకో" అన్నాడు.  చెల్లి ఆ రోజు బూట్లకి సున్నం రాసి ఎండలో పెట్టింది.

ఆ శుక్రవారం నందిగామలో ఒక డాక్టరమ్మ దగ్గరికి అమ్మా నేనూ తీసుకెళ్ళాం. ఆవిడ పాత కాగితాలు పక్కన పెట్టి, "పరిగెత్తేటప్పుడా, ఆగాకా?" అని అడిగింది.

అంతవరకూ ఎవరూ అడగలేదు ఆ మాట.

"ఆగాక అండి" అంది చెల్లి. "పరుగులో బానే ఉంటా. ఆగిన కాసేపటికి ఛాతీ పట్టేస్తుంది. అరగంటకి మామూలే. చలికాలం ఎక్కువ."

"మరి మీరు ఎప్పుడూ ఆ అరగంట దాటాకే మా దగ్గరికి వస్తున్నారు" అంది డాక్టరమ్మ. గుండె పరీక్ష చేయించింది, బాగుంది. "రేపు పొద్దున్నే బూట్లతో రండి. ఇస్త్రీ చీర వద్దు."

"జబ్బు మనిషిని పరిగెత్తిస్తుందిటే ఈవిడ?" అంది అమ్మ బయటికొచ్చి.

ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉన్నారు. పొద్దున డాక్టరమ్మ చెల్లి చేత ముందు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించింది. దాని మీద ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకుంది. పక్కన కాలేజీ గ్రౌండులో, తను దగ్గరే నిలబడి, బాగా ఆయాసం వచ్చేదాకా పరిగెత్తించింది. చెల్లి వచ్చి నిలబడింది. అలుపే తప్ప ఏమీ లేదు.

"చూశారా, ఏం లేదు. పదండి" అని అమ్మ చెప్పులేసుకుంది.

"కూర్చోండి అమ్మా. నా పని ఇప్పుడే మొదలు."

కూర్చున్నాం. నేను మనసులో విష్ణునామాలు చదువుకుంటున్నాను. కాసేపటికి దగ్గు మొదలైంది. గొట్టం ఊదితే ముల్లు ముందు వెళ్ళినంత దూరం వెళ్ళలేదు. డాక్టరమ్మ స్టెతస్కోపు అమ్మ చెవులకి పెట్టింది. అమ్మ విన్నది. ముఖం మారిపోయింది.

"ఎవరో లోపల సన్నగా ఈల వేస్తున్నారు" అంది.

నోట్లో పెట్టుకుని పీల్చే నీలం డబ్బా మందు, ఇన్‌హేలరు, పీల్పించి, కాసేపు ఆగి మళ్ళీ ఊదిస్తే ముల్లు మొదటి చోటికి వచ్చింది.

"తేలికపాటి ఉబ్బసం. పరుగుతో వచ్చేది. పెద్దవాళ్ళకీ వస్తుంది. దీనికి పరుగు మానక్కర్లేదు, పరుగుకి ముందు ఇది పీలిస్తే చాలు. నెమ్మదిగా మొదలుపెట్టండి. చలిలో ముక్కుకి గుడ్డ కట్టుకోండి. పరుగు లేకుండా వచ్చినా, రాత్రిళ్ళు వచ్చినా నాకు చెప్పాలి."

ఉబ్బసం అన్న మాటకి అమ్మ కళ్ళు తుడుచుకుంది. మా నాయనమ్మ ఉబ్బసంతో కూర్చునే నిద్రపోయేది మరి.

తర్వాతి ఏళ్ళలో డాక్టరమ్మ అడిగిన ఆ ప్రశ్న మా చెల్లి సొంతమైంది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, పక్కింటి బ్యాంకు ఆఫీసరు గారు షటిల్ ఆడి వచ్చి మా అరుగు మీద కూర్చుని దగ్గుతున్నారు.

"ఆడేటప్పుడా అండీ, ఆగాకా?"

"ఆగాకే. దుమ్మమ్మా అది."

"దుమ్మే కావచ్చు. డాక్టరు గారితో మాత్రం ఉత్త దగ్గు అనకండి. ఆగాక అని చెప్పండి."

"నువ్వూ డాక్టరువేనా?"

"కాదండి. పరిగెత్తి ఆగినోళ్ళని చూసేదాన్ని."

ఆయన వెళ్ళి చూపించుకున్నారు. గుండె చూశారు, ఊదించారు. ఆయనకీ అదే ఉబ్బసం. మొన్న చెల్లి పోయినప్పుడు అందరికంటే ముందొచ్చి నిలబడింది ఆయనే. అక్కడ నాకు ఏడుపు కంటే ముందు గర్వమే వచ్చింది. ఇంకా ఎంతమందిని అలా పంపించిందో నాకు తెలియదు.

కానీ ఆ శనివారం అవేవీ మాకు తెలియవు. జగ్గయ్యపేట బస్సెక్కాం. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పాల్సిన సోమవారం దగ్గరికొచ్చేసింది.

సాయంత్రం వాళ్ళింట్లో దీపం పెట్టాక అందరం కూర్చున్నాం. "మందు ఒకసారి పీలిస్తే జన్మంతా అలవాటైపోతుందంటారు. కుట్టు క్లాసే మేలు" అన్నాడు మరిది. అమ్మ, "పీలిస్తే పీల్చిందిలే, బీరువాలో పెట్టు, ఎవరి కంటా పడకుండా" అంది. నన్ను చూశారు. పెద్దదాన్ని కదా.

"అది దాచుకునే జబ్బా?" అన్నాను. "చెల్లినే అడగండి."

చెల్లి అప్పుడు నోరు విప్పింది. "కుళాయి వెనక్కి వెళ్ళడం నాకిష్టం లేదు. పిల్లల ముందే పీలుస్తా. వాళ్ళలో ఎవరికైనా ఉంటే వచ్చి చెప్తారు."

మరిది ఆ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "సరే. సోమవారం నేనే గ్రౌండు దాకా దింపుతా" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో నిర్ణయమైంది ఇది. చెల్లి డ్రిల్లు మానదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు అమ్మ దాన్ని పడుకోబెట్టదు. ఆ నీలం డబ్బా బీరువాలోకి వెళ్ళదు. అమ్మే లేచి, దేవుడి అరలో కుంకుమ భరిణె కాస్త పక్కకి జరిపి, దీపం వెలుగు పడేచోట దాన్ని పెట్టింది.