కాయితం లేని పడవ

మా ఆయన ఓంకార్ నోట్లకెల్లి మాట రావాలంటే ఒకటికి నాలుగు సార్లు అడగాలె. పొద్దున లేస్తే మియాపూర్ చెరువు, వల, పడవ, చేపలు. అంతే ఆయన దునియా. నేను మాదాపూర్ల ఒక కంపెనీల హౌస్‌కీపింగ్ చేస్త. ఏడో అంతస్తుల అద్దాలు తుడుసుకుంట యాడ నీళ్లు కనబడ్డా నా పానం ఆయన మీదికే గుంజుతుండె.

ఎందుకంటే పోయినేడు సంది ఆయనకు కండ్లు తిరుగుతున్నయి. ఒక్కనివి నీళ్ల మీదికి పోవద్దని దవాఖానల డాక్టర్ గట్టిగనే చెప్పిండు. వింటడా? పడవ ఉన్నంతకాలం పోవుడే అన్నడు. అయితే పడవనే అమ్మేద్దామన్న. తలూపిండు. అంత సులువుగ ఒప్పుకున్నడేందని నేనే పరేషానైన.

ఆ పడవ ఫైబర్‌ది, బాగ పాతది. ఎన్కట బోటింగ్ నడిపిన సేటు, దుకాణం ఎత్తేసి పోతపోత ఆయన చేతుల పెట్టిండు. నోటిమాటే తప్ప రసీదు లేదు, ఏం లేదు. ఆ సేటు గూడ కాలం చేసిండు.

మా బిడ్డ సరిత ఫోటో తీసి ఫోన్ల అమ్మకానికి పెట్టింది. మంది బాగనే వచ్చిన్రు. ఫాంహౌస్ కుంటల మనుమల్ని తిప్పుతనని ఒక పెద్దాయన. ఆదివారాలు దోస్తులతోటి సరదాగ తిరుగుతనని తేజ అని ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు. పడవ అందరికీ నచ్చేది. పక్కకు పోయి మా ఆయనతోటి మాట్లాడి వచ్చేసరికి మొఖాలు మారుతుండె. కాయితాలు లేవట గద ఆంటీ, రేపు పోలీసులు అడిగితే ఎట్ల అనేటోళ్లు.

నా కోపమంతా ఆ సేటు మీదనే. ఒక్క ముక్క రాసిచ్చి పోతే ఆయన సొమ్మేం పోయింది? తెల్లారి మళ్ల ఈయన పడవెక్కేది, నేను సద్ది కట్టిచ్చి డ్యూటీకి పోయేది. ఫోన్ మోగితే చాలు, చేతిల గుడ్డ ఆడనే పడేసి ఉరికేది.

నిన్నగాక మొన్న బాచుపల్లిల బడి నడిపే వాసంతి మేడం వచ్చింది. కోస్తా దిక్కు మనిషి, మాట మెత్తగుంది. పడవకు రంగులేయించి ఆటస్థలంల ఇసక మీద పెడతరట. ఇగ మా ఆయన కాయితాల పాట ఎత్తుకుంటడని నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న.

"నీళ్లల్ల దించరు గద మేడం?" అని అడిగిండు.

"మాకు నీళ్లెక్కడివండీ? పిల్లలు ఎక్కి ఆడుకోవడానికే."

ఎన్నడూ లేంది, మా ఆయనకు మాటలొచ్చినయి. కాయితం లేకున్నా ఈ పడవ నాదేనని రాసిస్త అన్నడు. చేపల సొసైటీ పెద్దమనిషి రాములన్నకు అంతా తెలుసు, ఆయనతోటి సాక్షి సంతకం పెట్టిస్త అన్నడు. మేడం సరేనన్నది. పొద్దుగూకక ముందే పడవ ట్రాలీ ఆటో ఎక్కి పోయింది.

నాకు సంబరం కావాలె గద? ఒళ్లు మండింది. ఇంత ఉపాయం కడుపుల పెట్టుకొని, వచ్చినోళ్లందరినీ కాయితం పేరు చెప్పి ఎందుకు ఎళ్లగొట్టినవయ్యా అని నిలదీసిన.

"అడుగు పగిలింది భాగ్యా," అన్నడు. "రెండేండ్లయింది. అతుకేసి నడుపుతున్న. నాకైతే దాని సంగతి ఎరుకే. ముందుగాల వచ్చినోళ్లేమో మనుమల్ని, దోస్తుల్ని ఎక్కించి నీళ్లల్ల తిప్పుతమనిరాయె."

"గదే చెప్పేది ఉండె. కొనకపోదురు, అంతేగద?"

"చెప్తే నీకు తెలుస్తది గదనే."

ఉన్నపళంగ కూలబడ్డ. కండ్లు తిరిగే మనిషి, పగిలిన పడవ. రోజూ సద్ది కట్టి సాగనంపింది నేనే. తిట్టాలని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. "ఇగ లేదు గద, పోయింది గద," అని ఈపు నిమిరిండు. ఆ చెయ్యి తాకినంక గని నా పానం కుదుటపడలే.

తెల్లారి డ్యూటీల ఉండి ఫోన్ చేసిన. ఏం చేస్తున్నవ్ అన్న.

"ఏం లేదు. ఇంట్ల కూసున్న," అన్నడు.

అంత మంచిమాట ఆయన నోట నేనెన్నడూ ఇనలే. మళ్ల ఒకసారి చెప్పమన్న.