బిట్టుగాని కన్ను, నా తెలివి

నవ్వుండ్రి, నేనేమనుకోను. కని సగంల నవ్వకుండ్రి, మొత్తం ఇని నవ్వుండ్రి. సగం దాంక ఇంటే నేనేదో ఘనకార్యం చేసిననే అనిపిస్తది. నాకు గూడ గట్లనే అనిపిచ్చింది, మూడు వారాలు!

మా బిట్టుగాడు తెలుసు గద మీకు, ఒకటో తరగతి. వానికి ఎడమ కన్ను చూపు తక్కువ. తక్కువున్నదని వాడు దాన్ని వాడుడే బంద్ పెట్టిండట. పనంత కుడి కన్నే చేస్తది, ఎడమది ఊకె కూసుంటది. కోదాడల కండ్ల డాక్టరమ్మ అద్దాలు రాసిచ్చి, రోజు బడి నుంచి వచ్చినంక రెండు గంటలు మంచి కన్నును ప్యాచ్ అతికిచ్చి మూసిపెట్టమన్నది. మంచిది మూస్తే గా బద్ధకం కన్ను చచ్చినట్టు పనిచేస్తది, చెయ్యంగ చెయ్యంగ చూపొస్తది. చిన్నగున్నప్పుడే చెయ్యాలె, పెద్దగైనంక కష్టమన్నది.

గా ప్యాచ్ పని మొత్తం మా రజితదే. నాదేమో సూర్యాపేటల డ్రైవింగ్ స్కూలాయె. తెల్లారకముందే పోతే పొద్దుగూకినంకనే ఇల్లు. వాడు "అమ్మా, ఏం కనవడ్తలే" అని ఏడ్సుడు, తలుపులకు తగులుడు, అన్నం పళ్లెం నూకేసుడు, అన్నీ ఆమెనే పడ్డది. నేను రాత్రి వచ్చి, కాళ్లు కడుక్కొని, "జర గట్టిగుండాలె రజితా, నువ్వు ముద్దు చేసి చెడగొడ్తున్నవ్" అని సలహా ఇచ్చేటోన్ని.

ఇగ త్రిపురారంల మా అత్తమ్మ బాత్రూంల జారిపడి కాలు ఇరగ్గొట్టుకున్నది. రజిత పోక తప్పలే. మిర్యాలగూడ బస్సెక్కుకుంట ఒకటే మాట చెప్పింది: "కుడి కన్ను మూయాలె. గుర్తున్నదా? కుడి కన్ను."

"ఏందే, నాకు చెప్తున్నవా? పొద్దంత మందికి లెఫ్ట్, రైట్ నేర్పేటోన్ని!"

సాయంత్రం క్లాసులు మా అసిస్టెంటుకు అప్పజెప్పి ఇంటికొచ్చిన. బిట్టుగాన్ని కుర్సీల కూసోబెట్టి, ఎదురుంగ నిలవడి, నా కుడిచెయ్యి దిక్కున్న కన్ను మీద ప్యాచ్ టప్పున అతికిచ్చిన. అర్థమైంది గద? ఎదురుంగ నిలవడితే నా కుడి వానికి ఎడమ! కార్ల నేర్పేటప్పుడు ఇద్దరం ఒకే దిక్కు చూస్తం కాబట్టి నాకు గీ తిప్పలు ఎన్నడు రాలే.

వాడు చెప్పిండు. నిజంగ చెప్పిండు.

"డాడీ, ఇటు కాదు, అటు. అమ్మ అటు పెడ్తది."

"ఏయ్ దొంగ! నన్నే పిచ్చోన్ని చేస్తున్నవా? మంచి కన్ను తెరిచి పెట్టుకొని టీవీ చూద్దామనుకున్నవా? మీ అమ్మ దగ్గర నడుస్తయేమో, నా దగ్గర నడవయ్!"

జర గట్టిగనే ఒర్రిన. వాడు మూతి ముడుసుకున్నడు. మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

ఇగ చూడుండ్రి మజా. ప్యాచ్ పెట్టినంక ఏడుపు లేదు, తగులుడు లేదు. హాయిగ బొమ్మలకు రంగులేస్తున్నడు, గల్లీల సైకిల్ తొక్కుతున్నడు. నా ఛాతి గింత పొంగింది. మీరే గద, గీ చాయ్ బండి కాడనే నిలవడి, నేను "పిల్లలకు భయముండాలె అన్నా, ఆడోళ్లతోని కాదు" అంటే తలకాయలూపిండ్రు! రజితకు ఫోన్ చేసి గూడ కోతలు కోసిన: "నీ చేతిల ఏడ్సినోడు నా చేతిల ఎట్ల నవ్వుతున్నడో చూడు!"

ఆమెకు నమ్మకం కుదరలే. "ఫోటో పంపు" అన్నది. వాడు, నేను కలిసి సెల్ఫీ దిగి పంపిన. నా ఫోన్ల సెల్ఫీ అద్దంల లెక్క తిరగబడి వస్తది. ఎడమ కన్నుకు పెట్టింది ఫోటోల కుడికి పెట్టినట్టే కనవడ్డది. నేను తిప్పి పెట్టిన, ఫోను మల్ల తిప్పింది. రజిత చూసి "ఆ, కరెక్టే" అన్నది. వీడియో కాల్ ఎప్పుడు జేసినా రాత్రి ప్యాచ్ తీసినంకనే. ఇగ దొరికేది యాడ?

చెకప్ రోజు రానే వచ్చింది. రజిత అటు మిర్యాలగూడ నుంచి బస్సుల కోదాడకు వస్తనన్నది, మేము ఇటు నుంచి కార్ల. తల్లికి, డాక్టరమ్మకు చూపియ్యాలని ఆ రోజు పొద్దుగాలనే ప్యాచ్ పెట్టిన. హైవే మీద వాడు బోర్డులన్ని కూడబలుక్కుంట చదువుతున్నడు. "టై-ర్ల-షా-పు! డాడీ, ఆ-వ-కా-య!" నాకైతే కండ్లల నీళ్లు తిరిగినయ్.

కోదాడ బస్టాండ్ల రజిత బస్సు దిగుతుంటే నేను దూరం నుంచే షురూ చేసిన. "రజితా, ఆగు ఆగు! అరేయ్ బిట్టు, అమ్మ దిగిన బస్సు బోర్డు చదువుర!"

"మి-ర్యా-ల-గూ-డ!"

పక్కోళ్లు గూడ మెచ్చుకోలుగ చూసిండ్రు. రజిత నవ్వుకుంట వచ్చింది, వాని ముందట కూసున్నది, మొఖం చేతులల్ల పట్టుకున్నది. నవ్వు మాయమైంది.

"ఏందయ్యా గిది? ప్యాచ్ ఏ కన్నుకు పెట్టినవ్?"

"కుడి కన్నుకు."

"ఎవరి కుడి?"

నేను నా కుడిచెయ్యి లేపిన. వాని దిక్కు చూసిన. చెయ్యి గట్లనే గాల్ల ఉండిపోయింది. ఆమె తిట్టలే. తిడితే బాగుండు. వాన్ని ఎత్తుకొని ముందట నడిచింది, ఎనకాల నేను బ్యాగు మోసుకుంట పోయిన.

దవాఖానల డాక్టరమ్మ మొత్తం ఇన్నది. "ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?"

"మూడు వారాలు మేడం. కని బోర్డులన్ని చదువుతున్నడు..."

"బాగా కనిపించే కన్నుతో చూస్తే బాగానే కనిపిస్తుంది కదండీ."

కుడి కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నది. అన్నిటికంటే పెద్దక్షరం ఒక్కటి చెప్పి వాడు ఆగిపోయిండు. హైవే మీద అంత గలగలలాడినోడు! "తర్వాతది చెప్పు నాన్నా" అన్నదామె. వాడు అక్షరాల దిక్కు కాదు, తిడ్తనేమో అని నా దిక్కు చూస్తున్నడు. నాకు భూమిల దూరిపోవాలనిపిచ్చింది.

"మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉందండీ చూపు. పోయిన టైం పోయింది. వయసింకా చిన్నదే, వస్తుంది. ఇకనుంచి ఒక్కరోజు కూడా వదలొద్దు" అన్నది.

బయటికొచ్చినంక మెట్ల మీద వాని పక్కన కూసున్న. "నాకెందుకు చెప్పలేదురా బిడ్డా" అన్న. చూడుండ్రి, అప్పుడు గూడ తప్పు వాని మీదికే నూకుతున్న!

"చెప్పిన గద డాడీ. నువ్వు దొంగ అన్నవ్."

రజిత ఆ దిక్కు మొఖం తిప్పుకున్నది.

"నాదే తప్పురా. నువ్వు కరెక్ట్ చెప్పినవ్, నేనే ఇనలే."

వాడు నా దిక్కు తిరిగిండు. "మరి నేను దొంగ కాదా?"

"కాదు నాన్నా. అస్సలు కాదు."

"అయితే నేను దొంగ కాదని అమ్మమ్మకు గూడ ఫోన్ల చెప్పు" అన్నడు. అక్కడనే, మెట్ల మీద కూసొని, త్రిపురారం ఫోన్ చేసి మా అత్తమ్మకు జరిగిందంత చెప్పిన. కాలు నొప్పిల గూడ ఆమె ఎంత నవ్విందో!

రజిత మాతోనే ఇంటికొచ్చింది. అత్తమ్మ కాడ మా మరదలు ఉంటున్నది. ఇప్పుడు ప్యాచ్ పెట్టాల్సిన కన్నుకే పెడ్తున్నం. వాడు మల్ల ఏడుస్తున్నడు, మల్ల తలుపులకు తగులుతున్నడు. ఆ రెండు గంటలు నేను పక్కనే ఉంటున్న. వాడు చెయ్యి చాపి గ్లాసు కోసం తడుముతుంటే, పాపం అనిపిస్తది, అమ్మయ్య అని గూడ అనిపిస్తది. మూడు వారాలు వాడు నవ్వుతుంటే మురిసిన. ఆ నవ్వు ఎంత ఖరీదైందో ఇప్పుడు సమజైతున్నది.

ప్యాచ్ పెట్టే డ్యూటీ మాత్రం నాకు మల్ల ఇయ్యలే. శానా బతిమిలాడితే రజిత ఒక చిన్న పని ఇచ్చింది. ప్యాచ్ ఎనక కాగితం పీకి పారేసి, ప్యాచ్ ఆమె చేతికియ్యాలె. గంతే.

నిన్న ప్యాచ్ చెత్తడబ్బల ఏసి, కాగితం మస్తు జాగ్రత్తగ తీస్కపోయి ఆమె చేతిల పెట్టిన!